ఓటు ముగిసిన మరునాడు

పార్లమెంటరీ పాలనకు పుట్టినిల్లుగా మనం పాఠ్యపుస్తకాలలో చదువుకున్న దేశం బ్రిటన్. మన రాజ్యాంగ నిర్మాతలు మంత్రివర్గ బాధ్యతను, చట్టసభల నడవడిని, ప్రతిపక్షానికి ఇవ్వవలసిన గౌరవాన్ని చాలావరకు ఆ దేశాన్ని చూసే రూపొందించుకున్నారు. అటువంటి దేశం ఒక్క ఓటింగు తరువాత కొన్నేళ్లపాటు దారి తోచక తడబడింది. ఆ తడబాటు ఎందువల్ల కలిగిందో విచారించుట రాజనీతిశాస్త్ర విద్యార్థులకు మాత్రమే పరిమితమైన పని కాదని మేము భావిస్తున్నాం. ఓటు హక్కు కొత్తగా చేతికి వచ్చిన ప్రతి విద్యార్థికీ, సంస్థలను నడిపే ప్రతి పెద్దకూ అందులో నేర్చుకోదగిన విషయం ఉన్నది.

మొదట జరిగిన సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. బ్రిటన్ 1973 జనవరి 1న అప్పటి ఐరోపా ఆర్థిక సంఘంలో చేరింది. 1975లో ప్రజల అభిప్రాయం కోరగా 67 శాతం మంది కొనసాగుదామన్నారు. ఆ సంఘమే క్రమంగా విస్తరించి ఐరోపా సమాఖ్య అయింది. అందులో ఒక దేశపు పౌరుడు మరొక దేశానికి వెళ్లి స్వేచ్ఛగా నివసించవచ్చు, పని చేసుకోవచ్చు. సభ్యదేశాల మధ్య సరుకులకు సుంకాలు లేవు. కొన్ని విషయాలలో సమాఖ్య శాసనం దేశ శాసనాన్ని మించినది. ఈ ఏర్పాటు కొందరికి సౌకర్యంగా, మరికొందరికి స్వాతంత్ర్య లోపంగా కనిపించింది. ఈ విషయమై తన కన్సర్వేటివ్ పార్టీలోనే చాలాకాలంగా రగులుతున్న కలహాన్ని చల్లార్చవలసిన అవసరమూ ఉండగా, ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ 2013లో మాట ఇచ్చారు. 2016 జూన్ 23న ఓటింగు జరిగింది. 72 శాతం ఓటర్లు పాల్గొన్నారు. వైదొలగుదామన్నవారు 1 కోటి 74 లక్షలు. ఉందామన్నవారు 1 కోటి 61 లక్షలు. అనగా 51.9 శాతం ఒకవైపు, 48.1 శాతం మరొకవైపు.

వైదొలగుటకు ఓటు వేసినవారిని అజ్ఞానులని తీసిపారవేయుట కొందరికి అలవాటైంది. అది న్యాయం కాదు. గనులు, ఓడల కర్మాగారాలు మూతపడిన ఉత్తర ఇంగ్లండు పట్టణాలలోను, చేపల రేవులలోను తమ గోడు వినేవారు లండనులోనూ లేరు, బ్రస్సెల్సులోనూ లేరు అన్న బాధ ఏళ్ల తరబడి పేరుకుపోయింది. ఓడల నిర్మాణం అంతరించిన సండర్లాండులో 61 శాతం మంది వైదొలగుటకే ఓటు వేశారు. ఐరోపాకు కార్లు ఎగుమతి చేసే పెద్ద కర్మాగారం ఆ ఊరిలోనే ఉన్నదని తెలిసి కూడా వేశారు. తాము ఎన్నుకున్నవారే తమకు చట్టాలు చేయాలని కోరుట, పరాయి పాలన చవిచూసిన మనకు అర్థం కాని కోరిక కాదు. కాబట్టి ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న వాదంలోకి మేము దిగుట లేదు. మా ఆక్షేపణ వేరొకచోట ఉన్నది.

ఆ ఓటు పత్రం మీద ఉన్న జవాబులు రెండే: ఉండుట, వైదొలగుట. వైదొలగి ఎక్కడికి పోవాలన్న ప్రశ్న దాని మీద లేదు. నార్వే వలె సమాఖ్య బయట ఉండి దాని వాణిజ్యంలో పాలుపంచుకోవచ్చు. టర్కీ వలె సుంకాల విషయంలో మాత్రం కలిసి ఉండవచ్చు. కెనడా వలె వ్యాపార ఒప్పందంతో సరిపెట్టుకోవచ్చు. ఏ ఒప్పందమూ లేకుండా బయటపడనూ వచ్చు. ఒకదానితో ఒకటి పొసగని ఈ దారులన్నిటికీ కలిపి ఆ పత్రం ఒకే పేరు పెట్టింది. మన పల్లెలలో ఉమ్మడి కుటుంబం నుండి తమ్ముడు వేరుపడతానంటే, బావి ఎవరికి, నడిమి గోడ ఎవరికి, తండ్రి చేసిన అప్పు ఎవరు తీర్చాలి అని పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని ముందుగా తేలుస్తారు. బ్రిటన్ వేరుపడే సంగతి ముందు చాటి, పంపకం సంగతి తరువాత ఆలోచించింది.

ఇటువంటి ఓటింగుకు జాగ్రత్తలు పెట్టుట ఆ దేశానికి తెలియని విద్య కాదు. 1979లో స్కాట్లండుకు ప్రత్యేక శాసనసభ ఇచ్చే విషయమై ప్రజల అభిప్రాయం కోరినప్పుడు, మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం మంది అనుకూలించాలని నియమం పెట్టారు. ఓటు వేసినవారిలో 51.6 శాతం సరేనన్నారు. కాని మొత్తం ఓటర్ల లెక్కలో అది 33 శాతం కూడా కానందువల్ల ప్రతిపాదన నిలిచిపోయింది. 2016 ఓటింగుకు ఆధారమైన చట్టంలో అటువంటి నియమమేదీ లేదు. చట్టరీత్యా ఆ ఓటింగు సలహాప్రాయమే. అయినప్పటికీ మీరు ఎట్లా తీర్పు చెబితే అట్లా అమలు చేస్తామని ప్రభుత్వం ఇంటింటికీ కరపత్రం పంపింది. ఏమి అమలు చేయాలో మాత్రం నిర్ణయించుకోలేదు.

ఫలితం తేలిన ఉదయమే కామెరాన్ రాజీనామా ప్రకటించారు. తరువాత వచ్చిన థెరిసా మే, తన మంత్రివర్గంలోనే ఏకాభిప్రాయం కుదరకముందు, 2017 మార్చి 29న సమాఖ్యకు వీడ్కోలు లేఖ పంపారు. ఆ లేఖతో రెండేళ్ల గడువు మొదలైంది. బలం పెంచుకుందామని అదే ఏడాది జూన్‌లో ఎన్నికలు జరిపి, ఉన్న ఆధిక్యాన్ని కూడా పోగొట్టుకున్నారు. అటుపిమ్మట ఉత్తర ఐర్లండుకు చెందిన ఒక చిన్న పార్టీ సభ్యులు పదిమంది మద్దతు మీద ప్రభుత్వం నిలబడవలసి వచ్చింది. ఆమె సమాఖ్యతో కుదుర్చుకున్న ఒప్పందం 2019 జనవరి 15న కామన్స్ సభలో 432-202 ఓట్ల తేడాతో ఓడిపోయింది. మార్చిలో మరి రెండుసార్లు ఓడిపోయింది. ఆమె పదవి విడిచారు. తరువాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ తనను ధిక్కరించిన 21 మంది సొంత సభ్యులను పార్టీ శ్రేణి నుండి తొలగించారు. వారిలో చర్చిల్ మనుమడు కూడా ఉన్నారు. ఐదు వారాలపాటు పార్లమెంటును మూయించగా, అది చట్టవిరుద్ధమని 2019 సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులోని పదకొండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. అంతకుముందు 2016లోనే, పార్లమెంటు అనుమతి లేనిదే వైదొలగే ప్రక్రియ ప్రారంభించరాదన్న న్యాయమూర్తులను ప్రజాశత్రువులని ఒక దినపత్రిక మొదటి పుటలో నిందించింది. తుదకు 2019 డిసెంబరు ఎన్నికలలో జాన్సన్‌కు 80 స్థానాల ఆధిక్యం లభించి, 2020 జనవరి 31న బ్రిటన్ సమాఖ్యను విడిచింది.

2016 జూన్ మొదలు 2024 జూలై వరకు, ఎనిమిదేళ్ల కాలంలో, ఆ దేశపు ప్రధాని పీఠం మీద ఆరుగురు కూర్చున్నారు. వారిలో లిజ్ ట్రస్ ఉన్నది 49 రోజులే. ఈ పతనాలన్నిటికీ ఆ ఒక్క ఓటే కారణమనుట అతిశయోక్తి. జాన్సన్, ట్రస్ పదవులు పోవుటకు వేరే కారణాలు ఉన్నాయి. అయితే మొదటి ఇద్దరు ప్రధానులను దించినది మాత్రం నిస్సందేహంగా ఈ సమస్యయే.

ఇక్కడ ఒక ఘట్టాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. 2019 మార్చి 27న కామన్స్ సభ ముందుకు ఎనిమిది దారులు వచ్చాయి. ఆ ఎనిమిదింటినీ సభ తిరస్కరించింది. ఏప్రిల్ 1న మళ్లీ ఓటు వేయగా, సుంకాల విషయంలో సమాఖ్యతో కలిసి ఉందామన్న మధ్యేమార్గం 273-276 ఓట్లతో, అనగా మూడంటే మూడు ఓట్లతో, వీగిపోయింది. పూర్తిగా తెగతెంపులు కావాలన్నవారు దానిని ఎదిరించారు. మళ్లీ ప్రజాభిప్రాయం కోరి మొదటి తీర్పునే మార్చించవచ్చునని ఆశపడినవారిలోనూ కొందరు దానికి మద్దతు ఇవ్వలేదు. గెలిచినవారు తమ గెలుపులో ఇతరులకు భాగం లేదన్నారు. ఓడినవారిలో కొందరు తమ ఓటమిని ఒప్పుకోలేదు. నడుమ నిలిచిన దారి పూడిపోయింది. ఈ నష్టానికి ఉభయపక్షాలూ బాధ్యులేనని మా అభిప్రాయం.

అధిక సంఖ్యాకుల మాట చెల్లకపోతే గెలుపునకు విలువ ఏమిటని ఎవరైనా మమ్ములను ప్రశ్నించవచ్చు. ఆ మాట చెల్లవలసిందే. వైదొలగాలని తీర్పు వచ్చిన తరువాత వైదొలగుటే ధర్మం. కాని ఎట్లా వైదొలగాలన్నది ఇంకా ఎవరూ తేల్చని ప్రశ్న. తేలని ప్రశ్న దగ్గర 48 శాతం వారికీ నోరు ఉన్నది, హక్కు ఉన్నది. మన సంచిక ఉర్దూ పుటలలో 'అక్సరియత్', 'అఖల్లియత్' అని, తెలుగు పుటలలో అధిక సంఖ్యాకులు, అల్ప సంఖ్యాకులు అని రాసుకునే మాటలకు మన అనుభవంలో గల బరువు పాఠకులకు చెప్పనక్కరలేదు. బ్రిటన్‌లో ఆ అల్ప సంఖ్యాకులు జాతినిబట్టి గాని మతాన్నిబట్టి గాని ఏర్పడినవారు కారు. ఒక్క రాత్రి ఓట్ల లెక్కింపుతో ఏర్పడినవారు.

ఆ రాజ్యం నాలుగు దేశాల కలయిక అన్న సంగతి మరచినందువల్ల చిక్కు మరింత పెరిగింది. ఇంగ్లండు, వేల్సు వైదొలగుదామన్నాయి. స్కాట్లండులో 62 శాతం, ఉత్తర ఐర్లండులో 55.8 శాతం ఉందామన్నారు. స్కాట్లండు ప్రజలు 2014లో 55 శాతం ఓట్లతో బ్రిటన్‌లోనే ఉండుటకు నిశ్చయించుకున్నవారు. విడిపోతే ఐరోపా సమాఖ్యలో స్థానం పోవచ్చునని అప్పట్లో వారిని హెచ్చరించారు. రెండేళ్లు తిరగకుండానే, విడిపోకుండా ఉన్నందువల్లనే ఆ స్థానం పోయే పరిస్థితి వచ్చింది. మరొకసారి ఓటింగు జరపాలని వారి ప్రభుత్వం కోరగా, లండను సమ్మతి లేనిదే ఆ అధికారం స్కాట్లండు పార్లమెంటుకు లేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఉత్తర ఐర్లండు సంగతి ఇంకా సున్నితమైనది. ముప్పై ఏళ్ల హింసకు 1998 ఒప్పందం తెరదించిన తరువాత, రెండు ఐర్లండుల నడుమ సరిహద్దు ఉన్నదా లేదా అన్నట్లుగా మారిపోయింది. బ్రిటన్ వైదొలగితే ఆ సరిహద్దే ఐరోపా సమాఖ్యకు ఎల్ల అవుతుంది. అక్కడ మళ్లీ తనిఖీ కేంద్రాలు వెలిస్తే శాంతికి ముప్పు. అందుచేత తనిఖీలను సముద్రం మీదికి, అనగా బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండుకూ నడుమ ఉన్న రేవులకు మార్చారు. బ్రిటన్‌తో కలిసి ఉండుటే ప్రాణంగా భావించేవారు తమ దేశంలోనే తమకు గోడ కట్టారని ఆగ్రహించారు. వారి ప్రధాన పార్టీ 2022 ఫిబ్రవరిలో స్థానిక ప్రభుత్వం నుండి తప్పుకోగా, 2024 ఫిబ్రవరి దాకా అక్కడి ప్రజలకు సొంత మంత్రివర్గం లేకుండా పోయింది. ఓటింగుకు ముందు ఇంగ్లండులో జరిగిన ప్రచారంలో ఈ సరిహద్దు మాట బహు తక్కువగా వినిపించింది.

రాజకీయ నాయకుల మాటల వేడి వీధులను కూడా తాకింది. ఓటింగుకు వారం రోజుల ముందు, జూన్ 16న, పార్లమెంటు సభ్యురాలు జో కాక్స్ హత్యకు గురయ్యారు. ఇంగ్లండు, వేల్సులలో జాతి, మత ద్వేషంతో కూడిన నేరాలు 2016 జూలైలో, అంతకుముందటి ఏడాది జూలై కన్న 41 శాతం ఎక్కువగా నమోదయ్యాయి. ఆగస్టులో కొంత తగ్గినా వెనుకటి స్థాయికి రాలేదు. ఒడంబడికల మీద జరిగిన ఓటింగు, బస్సులో పక్కన కూర్చున్న మనిషి రంగునూ భాషనూ చూసే చూపును మార్చగలదని ఈ అంకెలు చెబుతున్నాయి.

మనకు దీనితో గల సంబంధం కూడా చిన్నది కాదు. కామన్వెల్తు నియమం ప్రకారం, అక్కడ చట్టబద్ధంగా నివసించే భారత పౌరులకు, వారిలోని తెలుగువారికి సైతం, ఆ ఓటింగులో పాల్గొనే హక్కు ఉన్నది. ఇరవై ఏళ్లుగా అక్కడే కాపురమున్న పోలండు, ఇటలీ పౌరులకు ఆ హక్కు లేదు. తరువాత ఐరోపావారి స్వేచ్ఛా ప్రవేశం ఆగిపోగా, చదువు ముగించినవారు రెండేళ్లు పనిచేసుకునే అవకాశం 2021లో తెరుచుకొనగా, మన దేశం నుండి వెళ్లే విద్యార్థుల సంఖ్య బాగా పెరిగింది. వలసలు తగ్గుతాయని నమ్మి ఓటు వేసినవారు, అవి మునుపటికన్న పెరుగుట చూసి తాము మోసపోయామనుకున్నారు. 2024 జనవరి నుండి చాలామంది విద్యార్థులు కుటుంబాన్ని వెంట తీసుకుపోరాదన్న నియమం వచ్చింది. ఆ ఏడాది జూలై ఎన్నికలలో, వలసలను కట్టడి చేయాలనే కొత్త పార్టీకి 14 శాతం ఓట్లు లభించాయి. విదేశీ విద్య గురించి ఆలోచిస్తున్న మన విద్యార్థులు విశ్వవిద్యాలయాల పట్టికతోపాటు ఈ చరిత్రను కూడా చదువుకొనుట అవసరం.

కళాశాల చర్చావేదికలో ప్రతి ఏడూ ఏదో ఒక తీర్మానం మీద వాదోపవాదాలు జరిపి, చివర చేతులెత్తించి ఓట్లు లెక్కిస్తుంటాం. ఈ సంవత్సరం నుండి అక్కడ ఒక చిన్న ఆచారం ప్రవేశపెట్టవలసిందిగా కమిటీ పెద్దలను మేము కోరుతున్నాం. ఓటుకు ముందు ఉభయపక్షాలవారూ రెండు ప్రశ్నలకు జవాబు రాసి సభకు వినిపించాలి: మీరు గెలిస్తే మరునాడు చేయబోయే మొదటి పని ఏమిటి? మీకు ఓటు వేయనివారికి అందులో ఏ స్థానం ఇస్తారు? ఆ జవాబులు విన్న తరువాతనే చేతులెత్తుదాం.