గొంతు కావాలి, పేరు అక్కర్లేదా?

కళావంతుల స్త్రీ పేరు ఒకటి చెప్పమంటే చోడవరంలోనైనా, విజయనగరంలోనైనా జనం మధురవాణి అంటారు. ఆమె గురజాడ కలంలో పుట్టిన మనిషి! ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో నిజంగా వీణ పట్టి, పదం పాడిన ఒక్క ఆడమనిషి పేరు చెప్పమనండి. ఎవరికీ నోరు పెగలదు.

ఇంగ్లండులోనూ ఇదే బాగోతం. 1842లో విక్టోరియా రాణి స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ ఎదుటే ఆయన పేరుతో అచ్చయిన పాట పాడింది. అది అక్క ఫానీ కట్టిన పాట అని ఆయన అక్కడే ఒప్పుకున్నాడు. మనవాళ్లకు ఆ పాటి సిగ్గయినా లేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ సంగతే చూడండి. 1878లో నంజనగూడులో పుట్టిన గాయని. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను పరిష్కరించి 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. ఆ కావ్యం ఆడవాళ్లు వినదగింది కాదని వీరేశలింగం పంతులుగారు అప్పటికే తేల్చేశారు. పంతులుగారంటే నాకు గౌరవమే, కానీ ఇక్కడ నాగరత్నమ్మ పక్షమే నాది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఆమె నిలదీసింది. జవాబు రాలేదు, నిషేధం వచ్చింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాన్ని నడిపే రోజుల దాకా అది తొలగలేదు.

తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉంటే, సొంత సొమ్ము పోసి 1925 నాటికి గుడి కట్టించింది కూడా ఆవిడే. ఆరాధనలో మాత్రం ఆడవాళ్లు పాడకూడదట! ఆమె డబ్బుకు అంటని మైల ఆమె గొంతుకెలా అంటింది? నాగరత్నమ్మ బతిమాలుకుంటూ కూర్చోలేదు. ఆడవాళ్లను కూడగట్టి వేరే ఆరాధన మొదలుపెట్టింది. వేర్వేరుగా ఆరాధన జరుపుతున్న వర్గాలన్నీ ఒక్కటయ్యేసరికి పదేళ్లు దాటింది. 1952లో ఆమె కన్నుమూసింది. ఆమె సమాధి అక్కడే, స్వామికి ఎదురుగా ఉంది.

ఊరూరా పంచరత్నాలు పాడించే సభల పెద్దలారా, ఆ ఆరాధనకు ఒక చోటంటూ నిలబెట్టిన మనిషి ఫొటో మీ వేదిక మీద ఏది? పుష్య బహుళ పంచమి నాడు ఆమె పేరు ఒక్కసారి మైకులో చెప్పడానికి మీకేం అడ్డొస్తోంది? వచ్చే ఆరాధనకు వెళ్లే పాఠకులు ఈ మాట నిర్వాహకులను ముఖం మీదే అడగండి.