రాతా - చదువూ

"మా వంశంలోనే చక్కెర జబ్బుందండీ, మన చేతిలో ఏముంది?" అనే మాట ఈ రోజుల్లో పెళ్ళిపందిట్లో కూడా వినిపిస్తుంది. ఆ మాట అంటూనే విస్తట్లో రెండో లడ్డు వేయించుకుంటారనుకోండి, అది వేరే సంగతి. వంశంలో ఉన్నమాట నిజమే కావచ్చు. చేతిలో ఏమీ లేదన్నది మాత్రం కొంచెం తరిచి చూడవలసిన మాట.

మన కంటిలోని కణానికీ, కాలిలోని కణానికీ తల్లిదండ్రులిచ్చిన జన్యువుల గ్రంథం ఒకటే. అయినా ఒకటి చూపుకూ, ఒకటి నడకకూ పనికివస్తున్నది. ఏ కణమూ గ్రంథమంతా చదవదు మరి. తనకు కావలసిన అధ్యాయాలు తెరుస్తుంది, తక్కినవి మూసి ఉంచుతుంది. దీన్నే శాస్త్రజ్ఞులు జన్యువు వ్యక్తం కావడమంటారు. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనుక, 'చదవడం' అంటేనే నాకు సుళువుగా ఉంటుంది.

ఈ చదువుకెంత శక్తి ఉన్నదో చూడండి. 1987లో అమెరికాలోని సియాటిల్ నగరంలో హెరాల్డ్ వైన్‌ట్రాబ్, ఆయన సహచరులు కండతో సంబంధం లేని ఎలుక కణాలను తీసుకుని, వాటిచేత 'మయోడి' అనే ఒక్క జన్యువును చదివించారు. అవి కాస్తా కండ కణాలై కూర్చున్నాయి!

కండను పెంచే జన్యువున్నట్టే, పెరుగుదలకు కళ్ళెం వేసే జన్యువూ ఉంది. దాని పేరు మయోస్టాటిన్. 1997లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో సె-జిన్ లీ, అలెగ్జాండ్రా మెక్‌ఫెరాన్‌లు దాన్ని ఎలుకల్లోంచి తొలగిస్తే, వాటి కండలు రెండు మూడింతలు పెరిగాయి. బెల్జియం దేశంలో 'బెల్జియన్ బ్లూ' అనే పశుజాతి ఉంది. ఈ జన్యువులో పదకొండక్షరాలు ఎగిరిపోయిన అచ్చుతప్పు దానిది. ఆ ఎద్దును చూస్తే భీమసేనుడు నాలుగుకాళ్ళ మీద నిలబడ్డట్టుంటుంది. కాని ఆ జాతి ఆవులు చాలావరకు తమంతట ఈనలేవు. పొట్ట కోసి దూడను తియ్యవలసిందే. కళ్ళెం ఊరికే పెట్టలేదు సుమా!

పశువులది రాతలో వచ్చిన మార్పు. మనకు రాత మారదు గాని, చదువు మారుతుంది. కండ గోల మనకెందుకు, కుస్తీలు పట్టబోతున్నామా అంటారేమో. చక్కెర జబ్బుకూ కండకూ దగ్గరి చుట్టరికం. ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టితే, రక్తంలోని చక్కెరను ఎక్కువ భాగం లోపలికి పుచ్చుకునేది కండే. జబ్బు మొదలయినవాళ్ళలో ఆ తలుపుకు చెవుడు వస్తుంది. ఇన్సులిన్ ఎంత తట్టినా సరిగా తెరుచుకోదు. చిత్రమేమంటే, పనిచేస్తున్న కండ ఇన్సులిన్ తట్టకపోయినా తలుపు తెరుస్తుంది. పైగా ఒక్కపూట ఒళ్ళు వంచితే చాలు, ఆ తలుపులు తయారుచేసే జన్యువును కండ ఎక్కువగా చదవడం మొదలుపెడుతుంది. మానేస్తే కొద్దిరోజుల్లోనే పుస్తకం మళ్ళీ మూతపడుతుంది. ఆదివారం చేసిన కసరత్తు శనివారం దాకా నిలవ ఉండదన్నమాట. (మందులు వాడేవారు శ్రమ పెంచేముందు వైద్యుణ్ణి అడగాలి, చక్కెర మరీ పడిపోవచ్చు.)

మనవాళ్ళకు ఇందులో ఒక చిక్కు అదనం. 2004లో పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటో ఒకటి 'లాన్సెట్' పత్రికలో వేయించారు. ఎత్తును బట్టి బరువు లెక్క చూస్తే ఇద్దరిదీ ఒకటే, 22.3. కాని కొవ్వు యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం! సన్నగానే ఉన్నాను గదా అని అద్దంలో చూసి మురిసేవారికి ఈ సంగతి ఏ త్రాసూ చెప్పదు.

"ఈ వయసులో నాకెందుకులే" అనే పెద్దవారికోసం ఇంకొక్క సంగతి. 1990లో బోస్టన్‌లో, వృద్ధుల ఆశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్న బలహీనులు పదిమంది చేత కాళ్ళతో బరువులెత్తించే సాధన మొదలుపెట్టారు. ఎనిమిది వారాలు సాగించినవారి కాలిబలం సగటున 174 శాతం పెరిగింది. వారిలో ఇద్దరు చేతికర్ర పక్కనపెట్టి నడిచారు.