క్షయ తిన్న ఊపిరితిత్తికి కత్తి పెట్టేదెప్పుడు?

టి.బి. మందులతో నయమయ్యే జబ్బు అని ఊరూరా గోడల మీద రాసి ఉంది. ఆ మాట నిజమే. ఆరు నెలలు క్రమం తప్పకుండా మందులు మింగిన వారిలో ఎక్కువ మంది మళ్లీ ఆసుపత్రి గడప తొక్కనవసరం లేదు. అయితే గోడ రాతల్లో లేని సంగతి ఇంకొకటి ఉంది. కొద్దిమందికి మందు ఒక్కటే చాలదు. జబ్బు తినేసిన ఊపిరితిత్తి భాగాన్ని కోసి తీసివేయవలసి వస్తుంది. ఈ కొద్దిమంది విషయంలోనే పల్లెల్లోనూ, ఆసుపత్రుల్లోనూ జరగరాని ఆలస్యం జరుగుతున్నది.

మదనపల్లె ప్రాంతం వారికి ఈ ఆపరేషన్ సంగతి బొత్తిగా కొత్తదేమీ కాదు. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1912 నాటిది. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా క్షయకు మందంటూ లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, అంతే. అవి చాలకపోతే సూదితో రొమ్ములోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తి ముడుచుకునేట్టు చేసేవారు. అదీ చాలకపోతే పక్కటెముకలు తీసి రొమ్మును లోపలికి అణచేవారు. పుండు పడిన ఊపిరితిత్తిని కదలకుండా ఉంచితే మానుతుందని ఆనాటి వైద్యం. ఒక పక్క రొమ్ము గుంటపడి, భుజం వాలి, అయినా బతికి బయటపడిన మనుషులు ఆ రోజుల్లో ఉండేవారు. 1940ల చివర వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి డాక్టర్ రీవ్ బెట్స్ వచ్చి రొమ్ము శస్త్రచికిత్స విభాగం ప్రారంభించారు.

తరువాత మందులు పెరిగాయి. మద్రాసులో 1956లో మొదలుపెట్టి చేసిన పరిశోధన, ఇంటి వద్ద ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత గుణం వస్తుందని 1959లో తేల్చింది. మంచాలు ఖాళీ అయ్యాయి. కత్తి పక్కకు పోయింది. పోవడం మంచిదే.

అది మళ్లీ ఎందుకు కావలసి వచ్చిందంటే, మందులకు లొంగని క్షయ వల్ల. రెండు నెలలు మింగి, దగ్గు తగ్గగానే మానేసి, తిరగబెడితే మళ్లీ మొదలుపెట్టడం. ఊళ్లో డాక్టరు రాసిచ్చిన అరకొర మందులు వాడడం. మొండి క్రిమి ఉన్న మనిషి దగ్గు నుంచి అంటడం. వీటిలో ఏ దారిన వచ్చినా, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన మందులకూ చావని క్రిమి తయారైతే వైద్యం కష్టమవుతుంది. పైగా ఊపిరితిత్తిలో నిమ్మకాయంత బొరియ పడి, చుట్టూ మందమైన గోడ కట్టుకున్నదనుకోండి. మందు రక్తంలో పోయేదే కదా. ఆ గోడ దాటి లోపలికి చాలినంత చేరదు. బొరియలో గాలి సమృద్ధిగా ఉండడంతో క్రిములు లక్షోపలక్షలుగా పెరుగుతాయి. అలాంటి బొరియ ఒకే చోట ఉండి, మిగతా ఊపిరితిత్తులు బాగుంటే, ఆ భాగాన్ని తీసివేయడంలో అర్థం ఉంది.

కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. చెడిన ఒక్క భాగాన్నో, అందులో కొంత ముక్కనో తీసే ఆపరేషన్‌ను మందులకు తోడుగా చేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. తోడుగా అన్న మాట ముఖ్యం. ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలు మందులు పడాలి, తరువాత కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు పడాలి. 'కోసి తీసేశారు, ఇక మందులెందుకు' అని మానేసేవారు చేతులారా ప్రమాదం తెచ్చుకుంటున్నారు. ఒక ఊపిరితిత్తిని మొత్తంగా తీసివేయడం వల్ల ఆపాటి లాభం ఉన్నట్టు ఆనాటి పరిశీలనలో తేలలేదు. రెండు పక్కలా జబ్బు పాకినవారికి, నాలుగడుగులకే ఆయాసపడేవారికి కత్తి పనికిరాదు. అందుకే ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఏడాది ఒక మూలన ఉన్న జబ్బు రెండేళ్లకు అవతలి పక్కకు పాకితే, ఏ సర్జనూ చేయగలిగింది ఉండదు.

బెడాక్విలిన్ వంటి కొత్త మందులు వచ్చాయి. నాలుగు మందులతో ఆరు నెలల్లో ముగిసే వైద్యానికి మనదేశంలో 2024లో ఆమోదం లభించింది. దీంతో ఆపరేషన్ అక్కర ఇంకా తగ్గుతుంది. తగ్గడం వేరు, లేకపోవడం వేరు.

క్షయ క్రిమి పూర్తిగా చచ్చిన తరువాత కూడా కొందరికి బాధ తీరదు. దెబ్బతిన్న గాలి గొట్టాలు సంచుల్లా సాగి, వాటిలో చీము నిలుస్తుంది. చిన్నతనంలో కోరింతదగ్గు, తట్టు వచ్చి పాడైనవారూ ఉన్నారు. పొద్దున లేస్తే గిన్నెడు కళ్లె, దుర్వాసన, అప్పుడప్పుడు నెత్తురు. దీన్ని కూడా టి.బి. అనుకుని కళ్లె పరీక్షైనా లేకుండా మళ్లీ మళ్లీ టి.బి. మందులు మింగించడం ఎంత అన్యాయమో చెప్పనక్కరలేదు. మందులతో, రోజూ కళ్లె దింపుకొనే పద్ధతులతో చాలామంది నెట్టుకు రాగలరు. చెడు ఒక్క భాగంలోనే ఉండి, ఎన్ని మందులు వాడినా తిరగబెడుతుంటే ఆపరేషన్‌తో సుఖపడేవారున్నారు.

నెత్తురు ఎక్కువగా పడితే మనిషి చనిపోయేది నెత్తురు పోయి కాదు, ఎక్కువసార్లు అది గొట్టాలు నిండి ఊపిరాడక. జబ్బు ఏ పక్కనో తెలిస్తే ఆ పక్క కిందికి వచ్చేట్టు పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తరలించాలి. కారే రక్తనాళాన్ని కోత లేకుండా లోపలి నుంచే మూసే చికిత్స నేడు ఉంది. పాలు తాగించి, ముద్దకట్టిన కర్పూరం వాసన చూపి తెల్లవారే దాకా కాచుకుని కూర్చోవడం తగదు.

ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. వీపు మీద కోత మచ్చ ఉంటే పెళ్లి కాదని ఆపరేషన్ మాటే ఎత్తనీయని తల్లిదండ్రులున్నారు. మచ్చ చీరె కప్పుతుంది. పిల్ల దగ్గును ఏ చీరె కప్పుతుంది? పెళ్లయ్యాక, కాన్పు వేళ ఆ దగ్గు బయటపడితే ఆమె గతి ఏమిటో వారు ఆలోచించినట్లు లేదు.

జనాన్ని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. కళ్లె పరీక్ష యంత్రాలు జిల్లాల్లోకి వచ్చాయి, మందులు ఉచితం. పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. కాని రొమ్ము సర్జన్లు పెద్ద నగరాల్లోనే ఉన్నారు. మండల కేంద్రంలో మందు మింగే రోగిని సర్జన్‌కు చూపాలన్న ఆలోచన ఎవరికి, ఎన్నో నెలలో రావాలి? మందులు వేసినా కళ్లెలో క్రిమి పోని రోగుల ఎక్స్‌రేలను, స్కాన్‌లను జిల్లా క్షయ అధికారి నెలకొకసారి సర్జన్‌తో కూర్చుని చూసే ఏర్పాటు చేయాలి. దీనికి కొత్త భవనం అక్కర లేదు. కూలి మానుకుని వెంట వెళ్లే మనిషికి బస్సు ఖర్చులు, తిండి ఖర్చులు ఇవ్వాలి. ఆపరేషన్ తరువాత కొద్ది రోజులు రొమ్ములో గొట్టంతో, పక్కన సీసాతో ఉండవలసి వస్తుంది. ఆ రోజుల్లో తోడు మనిషి తప్పనిసరి. తోడు రాలేకనే రోగిని వెనక్కి తీసుకుపోయే కుటుంబాలు ఉన్నాయని అధికారులకు తెలియనిది కాదు.

ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవారు వచ్చేసారి మందులకు వెళ్లినప్పుడు డాక్టరును అడగవలసినవి ఇవి: జబ్బు ఒక పక్కనా, రెండు పక్కలా? కళ్లెలో క్రిమి పోయిందా? సర్జన్‌కు చూపించాలా? పాత ఎక్స్‌రేలు పారేయకుండా వెంట తీసుకువెళ్లాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే జబ్బు పాకుతున్నదా, నిలిచిందా డాక్టరుకు తెలిసేది.