పంట అమ్ముకున్నాక కౌలు పెంచితే ఎలా?

ఉగాదినాడు మన సంఘంలో పంచాంగ శ్రవణం జరుగుతుంది. పంతులుగారు రాశుల వారీగా ఆదాయం, వ్యయం చదువుతుంటే నాకు మా మేనమామగారే గుర్తొస్తారు. కాకినాడలో ఆయనకు రొయ్యల ఎగుమతి వ్యాపారం ఉండేది. ఇక్కడ అమెరికాలో మనం కొనుక్కునే రొయ్యల పొట్లాల వెనుక అలాంటివారి కష్టం ఎంతో ఉంది.

ఎగుమతి సరుకులో వాడిన సామాను మీద పడిన కస్టమ్స్ సుంకాన్ని భారత ప్రభుత్వం డ్రాబ్యాక్ పేరుతో తిరిగి ఇస్తుంది. 1997లో మొదలైన డ్యూటీ పాస్‌బుక్ పథకంలో నగదుకు బదులు క్రెడిట్ ఇచ్చేవారు. దాన్ని దిగుమతిదారులకు అమ్ముకునే వీలుండేది. 1961 ఆదాయపు పన్ను చట్టం 28వ సెక్షన్ వీటిని వ్యాపార ఆదాయంగా లెక్కించింది. ఇందులో నాకు అభ్యంతరం లేదు. సుంకం కట్టినప్పుడు ఖర్చు రాసుకున్నాం కనుక, తిరిగి వచ్చినప్పుడు ఆదాయం రాసుకోవడం న్యాయమే.

నా అభ్యంతరమల్లా వెనకటి తేదీతో వచ్చే సవరణల మీదే. 1990లో చేసిన సవరణ నగదు సహాయానికి 1967 నుంచి, డ్రాబ్యాక్‌కు 1972 నుంచి వర్తించింది. తర్వాత 2005లో మళ్లీ అదే పని జరిగింది. ఎగుమతి లాభాలపై ఉన్న పన్ను మినహాయింపు 2004 మార్చితోనే ముగిసిపోయింది. అయినా ఆ తర్వాత సవరణ తెచ్చి, 1998 నుంచే అమలన్నారు. టర్నోవరు 10 కోట్లు దాటినవారికి పాస్‌బుక్ అమ్మకపు లాభంపై ఆ మినహాయింపు దక్కాలంటే, డ్రాబ్యాక్ ఎంచుకునే అవకాశం ఉండీ, దాని రేటే ఎక్కువైనా పాస్‌బుక్కు తీసుకున్నట్టు రుజువు చూపాలట! ఏడేళ్ల నాటి నిర్ణయాన్ని ఎవరు మార్చుకోగలరు?

నోటీసు చేతిలో పట్టుకుని, "పంట అమ్ముకున్నాక కౌలు పెంచితే ఎలారా?" అన్నారు మామయ్య.

ఆ షరతులను పాత సంవత్సరాలకు వర్తింపజేయడం చెల్లదని 2012లో గుజరాత్ హైకోర్టు చెప్పింది. సవరణ ముందుకే గాని వెనక్కి వర్తించదని 2015లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. సంతోషమే. కానీ అప్పటికే మామయ్య వ్యాపారం మానుకున్నారు. న్యాయం గెలిచింది గాని ఆయన పోగొట్టుకున్న ఏళ్లు తిరిగి రాలేదు.

ఖజానా నష్టపోవాలా అని కొందరు మిత్రులు అడుగుతారు. అక్కర్లేదు. పన్ను వేయండి, మినహాయింపు ఎత్తేయండి, కాని రాబోయే ఏడాది నుంచి! స్వదేశంలో పెట్టుబడి పెడదామనుకునే మనవాళ్లకు కావలసింది రాయితీ కన్నా ముందు ఈ భరోసా.

మన పంచాంగం కూడా రాబోయే సంవత్సరానికే ఆదాయ వ్యయాలు చెబుతుంది, గడిచినదానికి కాదు. పన్ను చట్టానికీ ఆపాటి మర్యాద ఉండాలి.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.