వద్దనే మాట పైలట్‌దే కావాలి

సంపాదకులకు,



ముఖ్యమంత్రులు, మాజీ ముఖ్యమంత్రులు ఉండే ప్రాంతం కావడంతో తాడేపల్లి, ఉండవల్లి వాసులకు హెలికాప్టర్ చప్పుడు అలవాటే. వానాకాలంలో కృష్ణ మీద మబ్బు పట్టి ఉన్నప్పుడు ఆ చప్పుడు వింటే మాత్రం నాకు 2009 సెప్టెంబరు 2 గుర్తొస్తుంది.

ఆ ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరారు. నల్లమలలో హెలికాప్టర్ కూలి ఆయనా, వెంట ఉన్న నలుగురూ పోయారు. కుట్ర అనేవాళ్లు నేటికీ ఉన్నారు. ప్రమాదాన్ని విచారించిన ఆర్.కె. త్యాగి కమిటీ తేల్చింది మాత్రం వేరు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్‌లో వచ్చిన ఇబ్బందిని సరిచేసే పనిలో పైలట్లిద్దరూ దాదాపు ఆరు నిమిషాలు మునిగిపోయారు. ముంచుకొస్తున్న వాతావరణం మీద వాళ్ల ధ్యాస లేదు. బలంగా కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పింది. 1972లో అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానమూ ఇలాగే పోయింది. చక్రాల సూచిక బల్బు ఒకటి వెలగలేదని సిబ్బంది అంతా దాని మీదే పడ్డారు, విమానం దిగిపోతున్న సంగతి గమనించలేదు. వీళ్లెవరూ కొత్తవాళ్లు కారు. దృష్టి ఒకదానికి అతుక్కుంటే పక్కది కనబడకపోవడం మనిషి స్వభావం, శిక్షలతో అది మారదు.

అందుకే ‘పైలట్ తప్పిదం’ అని రాసి ఫైలు మూసేయడం నాకు బాధ కలిగిస్తుంది. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో 21 మందిని బలిగొన్న విమాన ప్రమాదం మీద నివేదిక చూడండి. వానలో, వెనక నుంచి గాలి తోస్తుండగా, దాదాపు సగం రన్‌వే గడిచాక విమానం నేల తాకింది. మళ్లీ పైకి లేపమని కోపైలట్ అన్నా కెప్టెన్ వినలేదు. 2010లో మంగళూరులో 158 మంది పోయినప్పుడూ కోపైలట్ ఆ మాట మూడుసార్లు అన్నారు. కోళికోడ్ నివేదిక అక్కడితో ఆగలేదు. మర్నాటి ఉదయం విమానం కూడా ఆ కెప్టెనే నడపాలి, కాబట్టి ఎలాగైనా అక్కడే దిగాలన్న తపన ఆయన్ని నడిపించిందని చెప్పింది. అక్కడ చాలినంతమంది కెప్టెన్లు లేకపోవడాన్ని విమాన సంస్థ సిబ్బంది విధానంలోని లోపంగా పట్టి చూపింది.

మర్నాటి డ్యూటీ ఒక్కటే అంత ఒత్తిడి పెడితే, వెనక సీట్లో ముఖ్యమంత్రి, అవతల సభలో వేల జనం, హెలిప్యాడ్ దగ్గర నుంచి ఫోన్ల మీద ఫోన్లు ఉన్నప్పుడు పైలట్ గతేమిటి? 2009లో ఎవరో బలవంతపెట్టారని నేను అనడం లేదు. ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు, పదవే ఆ పని చేస్తుంది. 2002లో మన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారిని కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలోనే పోగొట్టుకున్నాం. ఇంకెందరు పోవాలి?

రాష్ట్ర ప్రభుత్వం, హెలికాప్టర్లు అద్దెకు తీసుకునే పార్టీలు ఒక నియమం రాసుకోవాలి. వాతావరణం మీద తుది మాట పైలట్‌దే. ఆ విషయంలో పేషీ నుంచి గానీ, సభ ఏర్పాట్లు చూసే నాయకుల నుంచి గానీ పైలట్‌కు ఫోన్ వెళ్లకూడదు. ప్రతి పర్యటనకూ రోడ్డు మార్గం ముందే సిద్ధం చేసి ఉంచాలి, అప్పుడు పైలట్ వద్దన్నా సభ ఆలస్యమవుతుందే గానీ ఆగదు. వెనక్కి తిప్పిన పైలట్‌ను సంజాయిషీ అడగడం కాదు, ఆ నాయకుడే వేదిక మీద అందరి ముందూ మెచ్చుకోవాలి. నాయకుడు దిగకపోతే ‘జనం లేరని రాలేదు’ అంటూ ఎగతాళి చేసే ఎదుటి పార్టీ వాళ్లు కూడా ఈ ఒత్తిడి పెంచుతున్నారని గుర్తించాలి.

కేంద్ర పౌర విమానయాన శాఖ బాధ్యత శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి దక్కింది. ఈ నియమం అన్ని పార్టీలకూ, అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) చేత ఉత్తర్వు ఇప్పించాలని ఆయన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తాడేపల్లి, గుంటూరు జిల్లా