బావ బ్యాటరీకి వడదెబ్బ

మే నెల, మధ్యాహ్నం రెండున్నర. నేను బెంగళూరులో ఆఫీసులో ఉన్నా. అనంతపురం నుంచి బావ ఫోన్.

“బ్యాటరీ సచ్చిపోయినట్లుండాది రా. ఇరవై నిమిషాలు చార్జింగ్ ఎక్కుతాది, ఆగిపోతాది. షాపోళ్లు కొత్తది కొనల్లంటాండారు.”

బావది పాత ఓమ్ని వ్యాన్. వెనక సీట్లు పీకేసి చీనీకాయల జ్యూస్ బండి చేసుకున్నాడు. మీరు బత్తాయి అంటారు, మా అనంతపురంలో చీనీ అంటాం. బండిలో చిన్న ఫ్రీజర్, జ్యూసర్, రెండు లైట్లు. అన్నిటికీ ప్రాణం ఒక్కటే బ్యాటరీ. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం. అక్క గాజులు బ్యాంకులో పెట్టి కొన్నది. ‘కొత్తది కొనల్ల’ అన్నప్పుడు ఆయన గొంతు ఎందుకు వణికిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

పొద్దున టవర్ క్లాక్ దగ్గర అమ్మకం. ఒంటిగంటకి ఇంటికొస్తాడు, నాలుగింటికి మళ్లీ బయల్దేరాలి. పాత 10 యాంపియర్ల చార్జర్‌తో బ్యాటరీ నిండాలంటే పది గంటలు. అందుకే 50 యాంపియర్ల ఫాస్ట్ చార్జర్ కొన్నాడు. లెక్క ప్రకారం రెండు గంటల్లో ఫుల్. లెక్క తప్పేం కాదు. ఎండే లెక్కలోకి రాలేదు.

శనివారం ఊరికెళ్లి చూశా. రేకు టాపు వ్యాన్ ఎండలో నిలబెట్టి ఉంది. లోపల ప్లైవుడ్ పెట్టె, మూత బిగించి ఉంది. అందులో బ్యాటరీ, దాని పక్కనే చార్జర్. పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశా. అట్ల పెనంలా ఉంది.

“బావా, ఇప్పుడు ముట్టుకోవద్దు. రాత్రి చూద్దాం.”

రాత్రి తొమ్మిదింటికి మూత తీసి ప్లగ్ పెట్టాం. ఆగకుండా ఎక్కింది. బ్యాటరీ చావలేదు. వడదెబ్బ తగిలిందంతే!

మనకి మంచు కాదు, ఎండ

లిథియం చార్జర్ల గురించి యూట్యూబ్‌లో వెతికితే ఎక్కువగా వచ్చేవి అమెరికా, కెనడా వీడియోలు. అక్కడ ఇల్లంత వ్యాన్లలో తిరిగేవాళ్లు పదే పదే చెప్పేది ఒకటే: సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయొద్దు. మనకి ఆ బాధ లేదు. కానీ అదే బ్యాటరీ కాగితంలో పై హద్దు కూడా ఉంటుంది. చార్జింగ్‌కి ఆ హద్దు చాలావాటికి 45 నుంచి 55 డిగ్రీల మధ్య. మా ఊళ్లో మే నెల నీడలోనే 40 దాటుతుంది. మూసిన వ్యాన్‌లో సంగతి వేరే చెప్పాలా?

హద్దు దాటగానే బ్యాటరీ లోపలుండే బీఎంఎస్ అనే సర్క్యూట్ చార్జింగ్ ఆపేస్తుంది. అది పాడవడం కాదు, కాపాడుకోవడం. అయితే బీఎంఎస్ వాచ్‌మన్ లాంటిది. రోజూ దొంగని దాని మీదకి తోలితే ఏదో ఒక రోజు అలిసిపోతుంది.

ఫాస్ట్ చార్జర్ ఈ వేడికి ఇంకొంత కలుపుతుంది. బ్యాటరీ లోపలా, తీగల్లోనూ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు సగం చేస్తే వేడి సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. వేసవిలో నిదానం ఎందుకు మంచిదో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

కొనేముందు నాలుగు చూడండి

ఒకటి, కరెంటు. బ్యాటరీ కాగితంలో ‘గరిష్ఠం’, ‘సిఫారసు’ అని రెండు అంకెలుంటాయి. బావ బ్యాటరీకి గరిష్ఠం 50, సిఫారసు 20. షాపువాళ్లు మొదటిదే చెప్తారు, మీరు రెండోది చదవండి. కరెంటు తగ్గించుకునే వీలున్న చార్జర్ అయితే ఇంకా మంచిది.

రెండు, వోల్టేజీ. ఈ రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి 14.2 నుంచి 14.6 వోల్టులు చాలు. పాత లెడ్ బ్యాటరీల చార్జర్‌లో ‘రిపేర్’ మోడ్ ఉంటే అది 15 దాటించేస్తుంది. వద్దు.

మూడు, తీగ. 50 యాంపియర్లంటే ఆటలు కాదు. 16 చదరపు మి.మీ. రాగి తీగ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్, బిగుతైన నట్లు ఉండాలి. వదులు నట్టు దగ్గరే ముందు కాలుతుంది.

నాలుగు, ఇంజన్. బండి నడుస్తుంటే ఆల్టర్నేటర్ నుంచి నేరుగా లిథియంకి తీగ లాగొద్దు. లిథియం ఎంత ఇస్తే అంత గుంజుకుంటుంది, చిన్న బండి ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ ఉండాలి.

ఇప్పుడు బావ టైమ్‌టేబుల్

పెట్టెకి రెండు వైపులా పెద్ద రంధ్రాలు పెట్టించాం. చార్జర్ బయటికొచ్చింది. వ్యాన్ వేపచెట్టు కిందికి మారింది. అసలు చార్జింగ్ తెల్లవారుజామున, ఊరు చల్లగా ఉన్నప్పుడు. మధ్యాహ్నం పెట్టె మీద చెయ్యి ఆనిస్తేనే, అదీ 20 యాంపియర్లకి తగ్గించి, రెండు గంటలు. దాంతో సుమారు 40 శాతం ఎక్కుతుంది. సాయంత్రం బేరానికి అది చాలు.

“అయితే 50ది కొని డబ్బులు దండగ చేసినానా?” అన్నాడు బావ.

కాదు. వానలు పడి చల్లబడ్డాక, పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చిన రోజున, ఆ 50 అవసరమే. రోజూ మాత్రం కాదు.

గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఇంకో జత వాటికి తోడు పోలేదు, ఈసారికి అదే లాభం.

మీ బండిలోనో, మేడ మీద రేకుల గదిలోనో లిథియం బ్యాటరీ ఉందా? రేపు మధ్యాహ్నం రెండింటికి దాని పెట్టె మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనలేకపోతే సాయంత్రం దాకా ప్లగ్ పెట్టకండి.