మెథడోన్ మోతాదు, మానాలన్న పట్టుదల

హెరాయిన్ మానాలని వచ్చిన మనిషికి దాని బదులు ఇచ్చే మెథడోన్ అనే మందు ఎంత ఇవ్వాలన్నది పైకి డాక్టరు తేల్చే లెక్కలాగే ఉంటుంది. ఆ మనిషి పట్టుదల మీద చికిత్స చేసేవాళ్ళకున్న నమ్మకమో అపనమ్మకమో కూడా ఆ లెక్కలో కలుస్తుంది. 1965లో న్యూయార్క్‌లో డాక్టర్లు విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ ఈ చికిత్స ఫలితాలు ప్రచురించినప్పుడు మోతాదులు ఎక్కువగానే ఉండేవి. తర్వాతి దశాబ్దాల్లో చాలా అమెరికన్ క్లినిక్‌లు వాటిని బాగా తగ్గించేశాయి.

తగ్గించినవాళ్ళను తప్పుపట్టడం తేలికే గానీ, వాళ్ళ భయాలు ఊరికే పుట్టినవి కావు. మెథడోన్ ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది. మొదటి రోజు సరిపోయిందనుకున్న మోతాదే నాలుగో రోజుకు ఊపిరి ఆపేసే అవకాశం ఉంది. మోతాదు పెరిగేకొద్దీ గుండె లయ తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. ఇంటికిచ్చిన సీసా అలవాటు లేనివాళ్ళ చేతిలో పడితే, ఒక్క గుక్కతోనే ప్రాణం పోవచ్చు.

ఇవన్నీ ఒప్పుకున్నా, మందు చాలకపోతే వచ్చే నష్టం మరో రూపంలో బయటపడుతుంది. తెల్లవారుజామునే ఒళ్ళునొప్పులు, ముక్కు కారడం, కడుపులో తిప్పడం మొదలైన మనిషి క్లినిక్ తెరిచేదాకా ఆగలేక హెరాయిన్ కొంటాడు. మూత్ర పరీక్షలో అది పట్టుబడుతుంది. ఫైల్లో ‘మానే ఉద్దేశం లేదు’ అని రాసేస్తారు. మందు చాలనివాడికి మనసు లేదని ముద్ర! రోజుకు 40-50 మిల్లీగ్రాములు ఇచ్చినవాళ్ళకంటే 80-100 ఇచ్చినవాళ్ళలో వాడకం ఎక్కువగా తగ్గిందని 1999లో బాల్టిమోర్ పరిశోధకులు చూపారు. అయితే తేడా మరీ పెద్దదేమీ కాదు, ఎక్కువ మోతాదు అందినవాళ్ళ పరీక్షల్లోనూ దాదాపు సగం తప్పాయి. మోతాదు ఒక్కటే అన్నీ చక్కదిద్దుతుందనేవాళ్ళు ఈ సంగతి దాటవేస్తుంటారు.

పరీక్ష తప్పితే మోతాదు కోస్తాం అనే పద్ధతికీ ఒక తర్కం ఉంది: పోగొట్టుకునేదేదో ఉంటేనే కొందరు దారికొస్తారు. కాకపోతే, కోత పడ్డ మనిషి చికిత్సే మానేస్తే మళ్ళీ వీధి సరుకే దిక్కు. అందుకని పరీక్షలు బాగున్నవాళ్ళకు ఇంటికి మందిచ్చే సౌకర్యాన్ని బహుమతిగా వాడటం కొంత మెరుగు. పంజాబ్‌లో 2017 నుంచి నడుస్తున్న ఓట్ (ఔట్‌పేషెంట్ ఓపియాయిడ్ చికిత్స) క్లినిక్‌లలో ఇచ్చేది బ్యుప్రెనార్ఫిన్ అనే మరో మందు అయినా, చిక్కు ఇదే. రోజూ రమ్మంటే కూలీకి పని పోతుంది, ఇంటికిస్తే కొన్ని బిళ్ళలు బయట అమ్ముడవుతాయి.

నా మట్టుకు, మోతాదు తేల్చాల్సింది ఒంటి లక్షణాలను బట్టి, పట్టుదలను పెంచాల్సింది వేరే ప్రోత్సాహాలతో. పరీక్ష తప్పినప్పుడు ముందు ‘మందు సరిపోతోందా?’ అని అడగాలి. తగ్గించమని రోగే అడిగితే అతను తట్టుకోగల వేగంతోనే తగ్గించాలి. మద్యమో నిద్రమాత్రలో కలిపి తూలుతూ వచ్చిన రోజున మాత్రం ఆపక తప్పదు. అది శిక్ష కాదని, ప్రాణానికి ముప్పని ఆపామని అప్పుడే చెప్పాలి. అతను నమ్మకపోనూవచ్చు.